నలభై ఒక్క కిలోమీటర్ల మీద నాలుగంగుళాలు

అంజిలయ్య అసలు వంద అడుగులే చెబుదామనుకున్నాడు.

వంద అడుగులంటే మర్యాదగా ఉంటుంది. నమ్మేవాడు నమ్ముతాడు, నమ్మనివాడు కూడా పోనీలే అని ఊరుకుంటాడు. ఇంటి నుంచి చాంద్‌పాషా చాయ్ దుకాణం దాకా నడుస్తూ దారి పొడుగునా అదే వల్లెవేసుకున్నాడు. 'డిస్కస్. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి. వంద అడుగులు.' అంతే. అంతకు మించి ఒక్క అంగుళం పెంచినా చెంపలు వాయించుకోవాలని గట్టిగా అనుకున్నాడు కూడా.

అంత గట్టిగా అనుకోవలసి వచ్చింది ఎందుకంటే, రేపు ఆదివారం తాండూరు మైదానంలో జమాల్ సార్‌కు సన్మానం. అరవై తొమ్మిది నుంచి ఎనభై మూడు దాకా, సాయంత్రం మైదానానికి ఎవరొచ్చినా కాదనకుండా ఉరుకుడు, దుంకుడు, ఇసురుడు నేర్పి, వికారాబాద్ పోటీలకు వెంటబెట్టుకుపోయిన మనిషి ఆయన. ఆయన చేతికింద ఆడినవాళ్లలో ఆటకు ఒక్కరిని, అందరికన్నా గొప్పగా ఆడినవాళ్లను, స్టేజీ మీదికి పిలిచి, పేరు మైకులో చదివి, మెడలో దండ వేస్తారట. కానీ ఎవరు ఎంత ఆడారో రాసిపెట్టిన పుస్తకాన్ని చెదలు తినేశాయి. అందుకని కొత్త డ్రిల్ సార్ రాజేందర్ మూడు రోజులుగా ఒక పొడుగు నోటుబుక్కు ముందేసుకొని చాయ్ దుకాణంలో కూర్చుంటున్నాడు. బొంరాస్‌పేట నుంచి పోయినేడే బదిలీ మీద వచ్చినవాడు, పాత సంగతులేవీ తెలియనివాడు. ఆడినవాళ్లు వచ్చి పేరు, ఆట, సంవత్సరం, దూరం చెప్పాలి. ఇద్దరు సాక్షులు ఔననాలి. అప్పుడే పేరు ఎక్కుతుంది. శనివారం సాయంత్రం ఐదింటికి పుస్తకం మూసేస్తానన్నాడు.

ఇప్పుడు శనివారం సాయంత్రం నాలుగు దాటింది.

మిగతా కారణం అంజిలయ్య అంగీ జేబులో మడత పెట్టి ఉంది. బిడ్డ రాధ రాసిన ఉత్తరం. పద్నాలుగేళ్ల పిల్ల, హైదరాబాద్‌లో ఆటల హాస్టల్లో ఉండి ఎనిమిది వందల మీటర్ల పందెం ఉరుకుతుంది. నిరుడు జూన్‌లో రైలెక్కించినప్పుడు పిల్ల కిటికీ ఊచలు పట్టుకొని ఒకటే ఏడుపు. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక అంజిలయ్య నోటికొచ్చింది అనేశాడు. "నేను గూడ గిట్లనే ఇల్లిడిసి పోయి ఆడిన బిడ్డా. డిస్కస్ ఇసిరిన. ఫస్టొచ్చిన. నువ్వు నా బిడ్డవు, నీకేం ఫికర్?" పిల్ల ఏడుపు ఆపింది. రైలు కదిలింది. ఆ మాట కూడా టికెట్ లేకుండా అదే రైల్లో హైదరాబాద్ పోయి, అక్కడే పెరిగి పెద్దదై, ఇప్పుడు ఉత్తరంలో తిరిగొచ్చింది. 'నాయనా, నీ సంగతి మా కోచ్ సార్‌కు చెప్పిన. ఒక్క రోజు సెలవిచ్చిండు. ఆదివారం పొద్దుగాల బండికి వస్త. నిన్ను స్టేజీ మీద చూస్త.'

అంజిలయ్య ఆ ఉత్తరం తొమ్మిది సార్లు చదివాడు. అన్నం సరిగ్గా తింటోందా, చలికి రగ్గు చాలుతోందా, ఒక్క ముక్క లేదు. ఉన్నదల్లా స్టేజీయే.

దుకాణంలో ఎప్పటి మనుషులే ఉన్నారు. పొయ్యి దగ్గర చాంద్‌పాషా. బల్ల మీద రిక్షా ఎంకయ్య. కొడంగల్ విడిచి వచ్చి పదేళ్లయినా ఏ మాటకైనా 'మా కొడంగల్‌ల అయితే' అని ముందుకొస్తాడు. గుమ్మం పక్కన ఉడకబెట్టిన పల్లికాయ గంపతో నాగవ్వ. ఈ గంప పట్టకముందు ఆమె బండల కార్ఖానాలో ఇరవై ఏళ్లు ఉలి పట్టింది. ఇప్పటికీ పల్లికాయ ఒలిస్తే సుత్తె దెబ్బ వినిపిస్తుంది. దుకాణం నేలంతా పగిలిన బండ ముక్కలు పరిచినది కాబట్టి బల్ల ఎటు జరిపినా ఒక కాలు గాలిలోనే ఉంటుంది.

"పేరు రాస్కో సారూ," అన్నాడు అంజిలయ్య నిలబడే. "అంజిలయ్య. డిస్కస్. డెబ్బై ఒకటి. వంద అడుగులు."

చాంద్‌పాషా చాయ్ వడగడుతున్నవాడు కాస్తా ఆగి నాగవ్వ వైపు చూశాడు. నాగవ్వ పల్లికాయ వైపు చూసుకుంది.

రాజేందర్ పేజీ తిప్పాడు. "డిస్కసా? మరి డెబ్బై ఒకట్ల తాండూర్ల డిస్కసే లేకుండె అంటిరి గదనే?"

"కర్రతోని చేసిన అసలుది లేకుండె సారూ," అన్నాడు చాంద్‌పాషా. "జమాల్ సార్ పైకి రాసీ రాసీ యాష్టకొచ్చిండు. ఇగ మనూర్ల బండలకేం తక్కువని నాపరాయితోనే గుండ్రంగ బిళ్లలు చెక్కిపిచ్చిండు. కందిపప్పు దుకాణం తరాజుల ఏసి తూచేది, రెండు కిలోలు. ఇసిరితే పడంగనే పగిలేది. నాలుగు ముక్కలైతే, అన్నిటికన్న దూరం పోయిన ముక్క ఏడుంటే ఆడికి టేపు. గది మా తాండూర్ రూలు."

"అయ్యో, గదేం కొలుచుడే!"

"మాకేం ఎరిక సారూ? మొదటిసారి వికారాబాద్ పోయిండ్రు. ఆడ అసలు డిస్కస్ ఇచ్చిండ్రు. మనోడు ఇసిరి, ముక్కల కోసం మైదానమంత దేవులాడిండు. ఒక్క ముక్క లేదు. బిళ్ల బిళ్ల లెక్కనే ఉన్నది. పట్టుకొనిపోయి, 'సార్, మాల్ ఖరాబున్నది, పగుల్తలేదు, ఇంకోటియ్యుర్రి' అన్నడు."

ఎంకయ్య పొట్ట పట్టుకొని నవ్వాడు. రాజేందర్ నవ్వలేదు. ఆయనకు లెక్క తప్పిన చోట నవ్వు రాదు. "అంజిలన్నా, ఒక మాట. నిన్న ఒకాయన ఇదే డిస్కస్ కింద నూట ముప్పై అడుగులు రాపిచ్చుకుండు. సాక్షులు గూడ వచ్చిండ్రు. ఆటకు ఒక్కరే గద. నీది వందైతే..." అంటూ కలానికి టోపీ పెట్టబోయాడు.

ఆ టోపీని చూడగానే అంజిలయ్యకు రైలు దిగుతున్న బిడ్డ కనిపించింది.

"వంద అన్నది ఉత్త ఇసురు సారూ," అన్నాడు గబుక్కున. "ఒళ్లు వేడి జేసుకునేతందుకు ఇసిరిన ఇసురు. అసలుది చెప్పనేలేదు గద ఇంక."

"చెప్పు చెప్పు," అని ఎంకయ్య బల్ల మీద జరిగి చోటిచ్చాడు. "నూట ముప్పై ఒకటా? మా కొడంగల్‌ల అయితే మా మేనత్త కోపమొచ్చి చెంబు ఇసిరితే గంత పోతది."

నూట నలభై అందామని నోరు తెరిచిన అంజిలయ్య, మేనత్త చెంబు అడ్డం రావడంతో ఆగిపోయాడు. నూట నలభైకి ఇక పరువు లేదు. కూర్చున్నాడు. బల్ల కాలు లేచింది.

"ఇనుర్రి మరి. ఆ పొద్దు తాలూకా ఆటలు, మన మైదానంలనే. పొద్దుగాల లేసి జొన్నరొట్టెలు పన్నెండు తిన్న, పన్నెండే, పదమూడోది పెడుతుంటే వద్దన్న, బరువైతదని. పోయి గీతల నిలవడ్డ. జమాల్ సార్ ఈల ఊదలే, నేను తిరుగుడు షురూ జేసిన, ఒకటి, రెండు, మూడు తిరిగిన, నాలుగో తిరుగుడుకు దుమ్ము లేసింది సారూ, లేసి సుడిగాలయ్యి, చూసేటోళ్ల రుమాళ్లు లేసి పోయినయి, సార్ నోట్ల ఉన్న ఈల గా గాలికి దానంతటదే మోగింది. గప్పుడు ఇడిసిన బిళ్ల. అది వందడుగుల మేకు దాటింది, నూట ముప్పై దాటింది, మేకు పట్టుకొని నిలవడ్డోడు ఎనక్కు ఉరుకుడే ఉరుకుడు, మైదానం గోడ దాటింది, నడుమ ఒక కాకి జరిగి దోవ ఇచ్చింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డది," అన్నాడు రాజేందర్ ఆశగా, కలం పెట్టి.

"పడితే మంచిగుండు సారూ!" అన్నాడు అంజిలయ్య. నిజంగానే మంచిగుండేది. తనకూ పడేద్దామనే ఉంది. కానీ ఎక్కడ పడేసినా ఎంకయ్య మేనత్త అక్కడ కాచుకొని ఉంటుందేమోనని భయం. "పడలే. గోడవతల రైలు పట్టాలు గదా, గప్పుడే బండల లోడుతోని గూడ్సు పోతున్నది. పోయి గూడ్సు డబ్బల కూసున్నది."

"మరి కూసున్నట్టే గద. ఆడి దాంక కొలిస్తే సరి."

"గదెట్లయితది సారూ? నేల తాకాలె. రూలే గది. డబ్బ నేల గాదు."

రాజేందర్ ఇరకాటంలో పడ్డాడు. సంచీలోంచి నియమాల పుస్తకం తీసి, వేలు పెట్టి చదివి, "నిజమే, నేల తాకాలనే ఉన్నది," అని ఒప్పుకున్నాడు. అది విన్న అంజిలయ్యకు, నలుగురిలో తన మాట నెగ్గినందుకు గుండెలో గాలి నిండింది. ఇక ఆగమన్నా ఆగే వేగం కాదది.

"జమాల్ సార్ ఊకుంటడా? చేతిల టేపు పట్టుకొని ఎనక వచ్చిన ప్యాసింజరు ఎక్కిండు. ధారూర్ స్టేషన్ల తల బయటవెట్టి, 'మాస్టర్‌గారూ, మా బిళ్ల దిగిందా?' అని అడిగితే, గాయన పచ్చజెండ ఊపుకుంట 'లేదు సారూ, ఇంక పోతనే ఉన్నది, మీరు కానియ్యుర్రి' అన్నడు. అటు వికారాబాద్ల జిల్లా పోటీలు మొదలైనయి. డిస్కసే నడుస్తున్నది. గూడ్సు వచ్చి గుంజినట్టు బ్రేకేసింది, బ్రేకెయ్యంగనే బిళ్ల లేసింది, లేసి సీద మైదానం నడుమ, సున్నం గీతల లోపట, ఎవలో కొలిసి పెట్టినట్టు దిగింది. ఆడున్న పెద్దసార్లందరు, 'ఎవలిదిరా గీ ఇసురు?' అని ఒకటే అరుసుడు. గప్పుడే జమాల్ సార్ రొప్పుకుంట వచ్చి, 'మా అంజిలయ్యది' అన్నడు. 'ఏడి మనిషి?' 'తాండూర్ల ఉన్నడు, చాయ్ తాగుతున్నడు.' ఎరికేనా, ఊరు దాటకుంట జిల్లా ఫస్టొచ్చినోడు ముందట లేడు, ఎనక లేడు!"

"ఏడ తాగినవ్ చాయ్?" అన్నాడు చాంద్‌పాషా.

"గీడనే. నీ దుకాణంలనే."

"డెబ్బై ఒకట్ల నాకు దుకాణమే లేదు భాయ్."

"ఐతే ఇంట్ల తాగిన," అన్నాడు అంజిలయ్య ఏమాత్రం తడుముకోకుండా. "చాయ్ ముచ్చట గాదిప్పుడు. కొలుచుడు ముచ్చట చెప్పనీ. టేపు వంద అడుగులదేనాయె. జమాల్ సార్ మళ్ల పట్టాలెంబడి నడిచి, పక్కపొంటి ఉన్న కిలోమీటరు రాళ్లన్ని లెక్కవెట్టి, ఆఖరుకు మిగిలింది టేపుతోని కొలిసి చెప్పిండు. నలభై ఒక్క కిలోమీటర్ల మీద నాలుగంగుళాలు."

"నాలుగంగుళాలు ఎందుకే?" అన్నాడు ఎంకయ్య. అతనికి కూడా కాస్త ఊపిరాడలేదు. మేనత్త ఎక్కడా కనిపించలేదు.

"ఉన్నయి గాబట్టి. జమాల్ సార్ అంగుళం వదిలే మనిషేనా?"

రాజేందర్ నోటుబుక్కు కేసి దిగాలుగా చూశాడు. దూరం గడిలో మూడంకెలకే చోటుంది. "మీటర్లల్ల రాసినా గడి చాలదన్నా... సరే. ఒక్కటి చెప్పు. అంత దూరం పోయి పడ్డది గద. ఎన్ని ముక్కలైంది? ఏ ముక్కకు కొలిసిండ్రు?"

"ముక్కలా!" అంజిలయ్య గెలిచినవాడిలా వెనక్కి వాలాడు. "పగల్లే సారూ. సన్నపు గీత గూడ పడలే. అద్దం లెక్క మెరుసుకుంట—"

గుమ్మం పక్కన పల్లికాయ ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"ఏమన్నవ్?" అంది నాగవ్వ.

అంజిలయ్య తిరిగి చూడలేదు.

"నలభై కిలోమీటర్లు పోయిందంటే ఊకున్న," అంది నాగవ్వ గంప పక్కకు జరిపి లేస్తూ. "గూడ్సు ఎక్కిందంటే ఊకున్న. నీ బిడ్డ వస్తున్నదని ఎరికయ్యే ఊకున్న, రెండో సాక్షిగ నేనే నిలవడుదమనుకున్న. గని తాండూర్ బండ పడి పగల్లేదంటవా? ఇరవై ఏండ్లు పగలగొట్టిన చేయిది! సుత్తె ఎత్తంగనే సగం పగులుతది, దించితే సగం పగులుతది. నా ముందట గూసొని పగల్లేదంటే మాత్రం ఊకోను తమ్మీ. కొట్టెయ్ సారూ. మొత్తం కొట్టెయ్."

"అక్కా..."

"ఏం అక్కా? చెప్పు, ఎన్నడన్న ఇసిరినవా నువ్వు?"

అంజిలయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. గూడ్సు, సుడిగాలి, వికారాబాద్ పెద్దసార్లు అందరూ ఎటు పోయారో పోయారు. "ఒక్కసారి ఇసిరిన," అన్నాడు.

"ఏమైంది?"

"తిరిగిన కాడ కండ్లు తిరిగినయి. బిళ్ల ఎనక్కు పోయింది. జమాల్ సార్ సైకిల్ చక్రం సొట్టవడ్డది."

రాజేందర్ కలం మళ్లీ పైకి లేచింది. "దూరం ఎంతన్నా?"

"ఎనక్కు పోతే కొలవరు సారూ."

ఎవరూ నవ్వలేదు. అంజిలయ్య జేబు తడుముకొని లేచాడు. రేపు ఫ్లాట్‌ఫారం మీద పిల్లకు మొదట ఏం చెప్పాలో, పిల్ల తన కోచ్ సార్‌కు వెళ్లి ఏం చెప్పుకోవాలో, ఆ ఆలోచనే కాళ్లకు అడ్డం పడుతోంది. "జర ఒక్క మదద్ చెయ్యి సారూ," అన్నాడు. "నా బిడ్డ అడిగితే, పుస్తకం నిండిపోయిందని చెప్పు. చోటు లేకుండెనని."

"అబద్ధం నేనెట్ల చెప్తనే?" అన్నాడు రాజేందర్, నిజంగానే బాధపడుతూ. "పుస్తకంల ఇంక పదహారు పేజీలున్నయి." కాసేపు అంకెలు చూసుకొని, లెక్క కుదరనట్టు తల గోక్కున్నాడు. "నాకొక్కటి అర్థమైతలేదు. ఇసిరినప్పుడల్ల పగుల్తదంటిరి. మరి రోజు ఇసిరేతందుకు గన్ని బిళ్లలు ఏడికెల్లి వచ్చినయి?"

"గీ తమ్ముడే," అంది నాగవ్వ అంజిలయ్యను చూపించి, ఇది కూడా చెప్పాలా అన్నట్టు. "పొద్దంత కార్ఖానాల నాతోని పనిజేసి, పని దిగినంక పాడైన బండలేరుకొని కూసునేది. గుండ్రంగ చెక్కేది, తరాజుల ఏసేది, జర బరువెక్కువుంటే అంచు గీకేది. తలకాయ మీద ఎత్తుకొనిపోయి మైదానంల పెట్టొచ్చేది. తెల్లారేవరకు అవి ముక్కలే, మళ్ల ఉలి పట్టేది. అసలు డిస్కసు వచ్చేదాంక ఐదేండ్లు."

రాజేందర్ మళ్లీ కలం పట్టాడు. "ఎన్ని చెక్కి ఉంటవన్నా?"

అంజిలయ్య కాసేపు మనసులో లెక్క చూసుకున్నాడు. "వెయ్యి దాంక ఉంటయి," అన్నాడు మెల్లగా.

"వెయ్యా!" ఎంకయ్య తొడ చరిచాడు. "చూసిండ్రా, మళ్ల మొదలుపెట్టిండు! మా కొడంగల్‌ల అయితే..."

ఆ సాయంత్రమంతా అంజిలయ్య చెప్పినవాటిలో నమ్మశక్యం కానిది అదొక్కటే అయ్యింది. రాజేందర్ కూడా అనుమానంగా చూశాడు. "దీనికైనా ఇద్దరు సాక్షులు కావాలె. నాగవ్వ ఒకామె. రెండో మనిషి?"

చాంద్‌పాషా పొయ్యి దగ్గర్నుంచి కదిలాడు. కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి తెచ్చి, బల్ల కింద పారబోసి, కాలితో దుమ్ము తోశాడు. నీలం రంగు బండ ముక్కలు తేలాయి. సగం బిళ్ల, పావు బిళ్ల. ఒకవైపు ఎగుడుదిగుడుగా పగిలి, ఇంకోవైపు తుంచిన రొట్టె అంచులా గుండ్రంగా. గుమ్మం నుంచి పొయ్యి దాకా అన్నీ అవే. ఎంకయ్య ఏదో తొక్కినట్టు రెండు కాళ్లూ బల్ల మీదికి లాక్కున్నాడు.

"దుకాణం పెట్టినప్పుడు మైదానంలకెల్లి బండి మీద తోలిచ్చుకొచ్చిన," అన్నాడు చాంద్‌పాషా. "ఇంకెవలన్న సాక్షి కావాల్నా సారూ?"

రాజేందర్ వంగి ఒక అంచు మీద వేలు నడిపాడు. తర్వాత కొత్త పేజీ తిప్పి, స్కేలు పెట్టి గీత గీసి, పైన 'బిళ్లలు చెక్కినవారు' అని రాశాడు. "ఇది గూడ ఒక ఆటే అనుకుంటం. దీని కింద పోటీకి వచ్చినోళ్లు లేరు గాబట్టి రేపు స్టేజీ మీదికి నువ్వే. మైకుల చదువుత. అంజిలయ్య, వెయ్యి."

అంజిలయ్య గొంతు సవరించుకున్నాడు. ఛాతీ దానంతటదే రెండంగుళాలు ముందుకొచ్చింది. "వెయ్యి అంటే సారూ, గది తక్కువల తక్కువ. ఒక్కో పొద్దు ఉలి ఆనిచ్చుడే ఆలస్యం, నిప్పులు లేసి, అటు కార్ఖానా ఇటు స్టేషను పట్టపగల్లెక్క వెలిగి, ఆ తర్వాత ఏమైందో తెలు—"

"ఆరు నూర్లు రాయి సారూ," అంది నాగవ్వ. "నాలుగు నూర్లు నేను చెక్కిన. నా పేరు గూడ రాయి, కిందికెల్లి గాదు, పక్కపొంటి."

రాజేందర్ అంజిలయ్య ముఖం చూశాడు. నాగవ్వ మాటకూ సాక్షి కావాలి మరి. చెప్పిన అంకెను తగ్గించడం అంజిలయ్యకు పుట్టిన దగ్గర్నుంచి అలవాటు లేదు.

"ఔను సారూ," అన్నాడు చివరికి. "నాయి ఆరు నూర్లే." ఉండబట్టలేక వేలెత్తాడు. "మీద ఒకటి."

"ఒకటి ఏందన్నా?"

"జమాల్ సార్ సైకిల్ మీద పడ్డ బిళ్ల. గది చెక్కింది నేనే, ఇసిరింది నేనే. డిస్కస్ ఇసిరిన అని చెప్తే అబద్ధమేం గాదు గద? పొద్దుగాల నా బిడ్డ రైలు దిగంగనే గదే చెప్త."

"చెప్పు," అంది నాగవ్వ, గంప ముందు మళ్లీ కూర్చుంటూ. "ఎటు పోయిందో గూడ చెప్పు."